అర లీటరు నీళ్ల సీసా

“అర లీటరు నీళ్ల సీసా. అంతేనా?” అని అడిగింది వసంత.

“అంతేనండీ. సెల్‌ఫోన్‌లో రీలు తీసుకుంటూ ఆ పిల్ల చేతిలో సీసాని వెనక్కి విసిరింది. అది పోయి బట్టీలో పడింది. బట్టీ పేలింది. మా మనిషి పోయాడు,” అన్నాడు జనరల్ మేనేజర్ మధుసూదన్. చెప్పి, టీ మీద కట్టిన మీగడను స్పూనుతో జాగ్రత్తగా పక్కకు తీశాడు. పోయిన మనిషి కంటే ఆ మీగడే ఆయన్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది.

వసంత గడియారం చూసుకుంది. బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. నాలుగు గంటలకు నందినిని అరెస్టు చూపిస్తానని సీఐ ఉపేందర్ పొద్దున్నే ప్రకటించేశాడు. ఇరవై ఏళ్ల పిల్ల బతుకు బుగ్గిపాలు కావడానికి ఇంకా రెండు గంటల యాభై నిమిషాలు మిగిలి ఉన్నాయి.

జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే రోడ్డు మీద రుద్రాక్ష ఇస్పాత్ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. తుక్కు ఇనుము కరిగించి కడ్డీలు తీస్తారు. సోమవారం పొద్దున పదకొండూ ఇరవైరెండుకు అక్కడ రెండో నంబరు బట్టీ పేలింది. దాని పక్కనే నిలబడి పని చేస్తున్న సోమ్లా మిర్యాలగూడ దవాఖానకు చేరకముందే చనిపోయాడు. సాయంత్రానికల్లా తప్పు నందినిదని తేల్చేశారు. ఆ పిల్ల మెటలర్జీ మూడో ఏడు చదువుతోంది. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌కు వచ్చింది. సోమవారం ఆమెకు పందొమ్మిదో రోజు.

ఈ రోజు పొద్దున ఆరింటికే నందిని తల్లి సత్తమ్మ చివ్వెంల నుంచి మొదటి బస్సెక్కి సూర్యాపేటలో వసంత ఆఫీసు ముందు కూర్చుంది. గొర్లు కాసుకుని పిల్లను ఇంజనీరింగ్ దాకా చదివించిన మనిషి. ఏడవలేదు. “నా బిడ్డ సీసా ఎయ్యలేదంట అమ్మా. ఎయ్యలేదంటే ఎయ్యలేదు,” అని ఒకటే మాట చెప్పి, కూతురి ఇంటర్న్‌షిప్ డైరీ చేతిలో పెట్టింది. వసంత దారిలో పోలీస్ స్టేషన్‌లో ఆగి, అక్కడ కూర్చోబెట్టిన నందినిని రెండు నిమిషాలు చూడగలిగింది. ఆ పిల్ల కూడా అదే చెప్పింది. సీసా నేను వేయలేదు మేడం. అంతకు మించి నోరు విప్పలేదు.

డిటెక్టివ్ కాకముందు వసంత పన్నెండేళ్లు ఒక ఫౌండ్రీ ల్యాబులో ఇనుము పరీక్షలు చేసింది. ఇనుము అబద్ధం చెప్పదని ఆమెకు అక్కడే తెలిసింది. ఇనుము పక్కన కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ల సంగతీ అక్కడే తెలిసింది.

“సీసా ఇసిరింది సూసినోళ్లు ఎవరు?”

“నేనేనండీ. కంట్రోల్ రూమ్ అద్దంలోంచి చూశాను.”

“అద్దం నుంచి బట్టీ ఎంత దూరం?”

“ఓ అరవై అడుగులు ఉంటుంది.”

“అరవై అడుగుల నుంచి అర లీటరో లీటరో కూడ కనబడ్డది. మంచి కండ్లు సారు మీవి. మరి కెమెరా ఏం సూసింది?”

“కెమెరా రిపేరులో ఉందండీ.”

“ఎప్పటి సంది?”

“సోమవారం నుంచి.”

వసంత నవ్వలేదు. కెమెరాలన్నీ కూడబలుక్కున్నట్టు నేరం జరిగిన రోజే చెడిపోవడం ఆమెకు కొత్త కాదు. కనీసం ఆదివారం అని చెప్పే తెలివైనా ఉండదు ఈ పెద్దమనుషులకు. జీతాలు మాత్రం తెలివికే ఇస్తారు.

“పందొమ్మిది రోజులు ఆ పిల్లతోని ఏం పని చేయించిన్రు?”

“ఇంటర్న్‌లకు పనేంటండీ? హెల్మెట్ పెట్టుకుని ఫోటోలు దిగుతారు, సర్టిఫికెట్ పట్టుకుని పోతారు. మనకి అదో గోల.”

వసంత డైరీ తెరిచింది. నందిని రాత గుండ్రంగా, పరీక్ష పేపరు మీద రాసినట్టే ఉంది. మూడో రోజు: ఆఫీసులో విజిటర్ల పాసులు రాశాను. ఐదో రోజు: జీఎం సారు బంధువులకు పంపే మామిడిపండ్ల పెట్టెలకు పేర్లు అంటించాను. తొమ్మిదో రోజు: మీటింగ్ హాలులో కుర్చీలు లెక్కపెట్టాను. పద్నాలుగో రోజు దగ్గర మాత్రం పేజీ నిండిపోయింది. ‘మొదటిసారి బట్టీని దగ్గరగా చూశాను. సోమ్లా అన్న తన నీలం అద్దం ఇచ్చి, గిట్ల పట్టుకుని సూడు బిడ్డా, కండ్లు పోతయి అన్నాడు. కరిగిన ఇనుము రంగు చూసి వేడి ఎంతుందో చెప్తాడు. మీటరుతో పోల్చి చూశాను. పది డిగ్రీలు కూడా తేడా లేదు.’ పందొమ్మిదో రోజు పేజీ ఖాళీ.

“బట్టీ సూపించిన్రి. పోదాం పాండ్రి,” అని లేచింది వసంత.

మధుసూదన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనకాలే వచ్చాడు. తన ఫ్యాక్టరీ పొగే తనకు పడదు కాబోలు.

రెండో నంబరు బట్టీ నోరు పగిలి, చుట్టూ ఇటుకలు రాలి ఉంది. వసంత దాన్ని చూడలేదు. తల పైకెత్తి కప్పు చూసింది. నలభై అడుగుల ఎత్తున రేకులకు గడ్డకట్టిన ఇనుప ముద్దలు అంటుకుని ఉన్నాయి. క్రేన్ క్యాబిన్ అద్దం పగిలింది. సోమ్లా నిలబడే మెట్ల పక్క ఇనుప కమ్మీలు అవతలి వైపుకు వంగిపోయాయి.

కరిగిన ఇనుము మీద నీళ్లు పడితే బుస్సుమని ఆవిరై పైకి పోతాయి. నాలుగు నిప్పురవ్వలు లేస్తాయి. ఒకరిద్దరికి చేతులు కాలతాయి. ల్యాబులో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా చెప్పే సంగతి ఇది. అవే నీళ్లు ఇనుము కిందికి పోతే మాత్రం ఆవిరికి దారి ఉండదు. బట్టీలో ఉన్నదంతా ఎత్తి కప్పుకు కొడుతుంది. పైనుంచి పడ్డ ప్లాస్టిక్ సీసా లోహాన్ని తాకకముందే కరిగిపోతుంది. అది కిందికి మునిగి నలభై అడుగులు ఎగరేసిందని చెప్పినవాడు వెర్రివాడైనా కావాలి, ఎదుటివాళ్లను వెర్రివాళ్లనైనా అనుకోవాలి.

“బట్టీలకు తుక్కు గీ బకెట్‌తోనే ఏస్తరా?” అని పెద్ద ఇనుప బకెట్ వైపు చెయ్యి చూపించింది.

“అవునండీ. క్రేన్‌తో ఎత్తి బట్టీ మీదికి తెస్తారు. కింద తలుపులు తెరుచుకుంటాయి.”

అంటే బకెట్ అడుగున ఉన్నది ముందు పడుతుంది. దాని మీద రెండు టన్నుల తుక్కు పడి, కరిగిన ఇనుము కిందికి తొక్కేస్తుంది. వసంత గోడ వారన పడేసిన బకెట్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, అడుగు తలుపుల కీళ్లలోకి చూసింది. కీలు మడతలో గ్రీజుకు అంటుకుని రెండు గింజలు ఉన్నాయి. బల్లపరుపుగా, తెల్లగా ఉన్నాయి. ఒకటి సగం మాడింది. రెండోదానికి కుంకుమ అంటి ఉంది. ఆమె వాటిని చిమటాతో తీసి కాగితం కవరులో వేసుకుంది.

“ఏంటండీ అవి?” అన్నాడు మధుసూదన్.

“గింజలు. సారు, సోమవారం అమాస గదా. పూజ చేసిన్రా?”

బట్టీ కరెంటు పెట్టెకు వాడిపోయిన బంతిపూల దండ వేలాడుతూనే ఉంది. లేదనడానికి వీల్లేదు. “ప్రతి అమావాస్యకీ చేస్తామండీ. పదకొండింటికి చేశాం.”

“దిష్టి గుమ్మడికాయ?”

“గేటు దగ్గర కొట్టాం. ఎప్పుడూ గేటు దగ్గరే,” అన్నాడు మధుసూదన్. ఎవరూ అడగకుండానే రెండోసారి కూడా చెప్పాడు. “గేటు దగ్గరేనండీ.”

వసంత గేటుకు నడిచింది. ఒంటిగంటా యాభై.

గేటు దగ్గర వాచ్‌మన్ ఈదయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మోతె మనిషి, అరవై దాటాయి. వసంత అతని ఎదురుగా సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుంది.

“పెద్దయ్యా, అమాసకు గుమ్మడికాయ కొట్టేది నువ్వేనా?”

“నేనే అమ్మా. ఎనిమిదేండ్ల సంది నేనే.”

“మొన్న యాడ గొట్టినవ్?”

“గీడ్నే.” చెయ్యి చూపించాడు కానీ కళ్లు ఎత్తలేదు.

“గీడ యాడ? జర వేలు పెట్టి సూపియ్యి.”

నేల మీద పాత మరకలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నెల కిందటిది ఇటుక రంగులోకి తిరిగింది. అంతకు ముందువి నల్లబడ్డాయి. రెండు రోజుల కిందటి కుంకుమ నీళ్లు ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడాలి. కనబడలేదు.

“మొన్న సంది వాన వడ్డదా?”

“ఏడిది అమ్మా, ఎండలు మండుతున్నయి.”

“ఎవరన్న కడిగిన్రా?”

“తాగనీకే ట్యాంకర్ నీళ్లు.”

“మరి మరక ఏది పెద్దయ్యా?”

ఈదయ్య టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. చాలా సేపు దాన్నే చూశాడు. వసంత తొందరపెట్టలేదు. గదిలో కూర్చున్నవాడి దగ్గర ఆమెకు ఓపిక ఉండదు. ఎండలో కూర్చున్నవాడి దగ్గర ఎంతైనా ఉంటుంది.

“పెద్ద సారు ఒద్దన్నడమ్మా,” అన్నాడు చివరికి. “కడ్డీలు కొనే పెద్ద కంపెనోళ్లు పన్నెండింటికి వస్తుండ్రు, గేటు ముంగట ఎర్రగ గలీజుగ ఉంటే ఇజ్జత్ పోతదన్నడు. కాయ లోపటికి తెమ్మన్నడు. కొట్టకుండ ఇడిస్తే దిష్టి పోదు గద సారూ అన్న. బకెట్ల ఏస్తే బట్టీల కాలిపోతది, దిష్టి గూడ దాంతోనే కాలిపోతది అన్నడు.”

వసంతకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లు బట్టీల పక్కన బతికిన మధుసూదన్‌కు బూడిద గుమ్మడికాయలో ఉండేదంతా నీళ్లేనని తెలియదా? తెలుసు. కానీ దిష్టంటే భయం, కొనడానికి వచ్చేవాళ్లంటే భయం. నీళ్లంటే భయపడాల్సిన పని మాత్రం ఆయనకు లేదు. ఆ నీళ్లు పడే చోట నిలబడేది ఆయన కాదు కదా.

“కాయ ఎంత బరువుండె?”

“ఏడెనిమిది కిలోలుంటది.”

“బకెట్ల ఏసింది నువ్వా?”

“నా మనుమల మీద ఒట్టు, నేను ఎయ్యలే. ఆడ వెట్టి తలుపు కాడికొచ్చి నిలవడ్డ.”

“మరెవరేసిన్రు?”

ఈదయ్య తల అడ్డంగా ఊపాడు. “గది నన్ను అడగకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. గా మాట నా నోట రాదు.”

ఇంకోసారి అడగబోతుండగా పోలీసు జీపు వచ్చి గేటు ముందు ఆగింది. సీఐ ఉపేందర్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, చలువ కళ్లద్దాలు. మూడేళ్ల కిందట మఠంపల్లి కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని వసంత నిరూపించింది. అప్పటి నుంచి ఆమెను అక్కా అని పిలుస్తున్నాడు. ఆ పిలుపులో చుట్టరికం ఏమీ లేదు.

“ఏందక్కా, గేటు ముంగట ముగ్గేస్తున్నవా?”

“మీరు చెయ్యాల్సిన పనే చేస్తున్న సీఐ సాబ్. రెండు రోజుల సంది బట్టీ కప్పు దిక్కు ఒక్కసారన్న తలెత్తి సూసిన్రా?”

“కప్పు సూస్తే ఏమొస్తది?”

“సీసా కథ ఖతమైతది.” లేచి, కవరు తీసి గింజలు చూపించింది. పదకొండింటికి పూజ, గేటు ముందు లేని మరక, బకెట్ అడుగున గుమ్మడికాయ, దాని మీద రెండు టన్నుల తుక్కు, పదకొండూ ఇరవైరెండుకు పేలుడు. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. “మీ ముద్దాయి ఏసీ గదిల టీ తాగుతుండు. జీపుల కూసున్న పిల్ల కాదు.”

జీపు వెనక సీట్లో నందిని ఉంది. జరిగినదంతా అక్కడే నటింపజేసి రాసుకోవడానికి తీసుకొచ్చారు.

ఉపేందర్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. “శభాష్ అక్కా. నాకు సోమవారం రాత్రే తెలుసు గుమ్మడికాయ సంగతి.”

“తెలిసి సీసా అని రాస్తున్నవా?”

“రాసేది నీ పిల్ల మంచికే. సూడు.” ఫోన్ తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. “మధుసూదన్ సారు సోమవారం పూజ వీడియో స్టేటస్ పెట్టుకున్నడు. పేలినంక తీసేసిండు. గంతట్ల ఒక పనోడు దాచిపెట్టుకున్నడు.”

పదిహేను సెకన్ల వీడియో. కింద టైము పదకొండూ నాలుగు. లోపలి మాటలేవీ వినబడకుండా దాని మీద దేవుడి పాట పెట్టి ఉంది. మధుసూదన్ చేతులు జోడించి నిలబడ్డాడు. పక్కన పచ్చ హెల్మెట్ పెట్టుకున్న నందిని. గుమ్మడికాయను రెండు చేతులతో పట్టుకుని వంగి, ఖాళీ బకెట్ అడుగున పెట్టింది. లేచి నవ్వింది.

వసంత గింజల కవరు మడిచి సంచిలో వేసుకుంది.

“ఆడపిల్ల చేతితో ఏస్తే కలిసొస్తదని సారు నమ్మకమట,” అన్నాడు ఉపేందర్. “ఇప్పుడు లెక్క సూడక్కా. సీసా అయితే చిన్నపిల్ల, అజాగ్రత్త, సాయంత్రానికి బెయిల్. గుమ్మడికాయ అయితే సొంత చేతులతోటి ఏసింది. మెటలర్జీ సదువుతున్నది, తెల్వదంటే ఏ జడ్జి నమ్ముతడు? సారు నేను చెప్పలే అంటడు, వీడియోల ఆయన మాట లేదు. నువ్వే తవ్వి నీ పిల్లను గుంటల ఎయ్యి. నాకేం పరేషాన్ లేదు.”

గెలిచానని అతనికి తెలిసిపోయింది. చలువ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతని ముఖం మీద ఆ సంబరం చూస్తే వసంతకు ఎక్కడ లేని అసహ్యం వేసింది. వేసినా ఏం లాభం? అతను చెప్పిన లెక్కలో తప్పు లేదు.

“ఇంకోసారి వెయ్యి,” అంది.

రెండోసారి ఆమె నందినిని చూడలేదు. మొదటి మూడు సెకన్లలో ఎడమ పక్క ఒక మనిషి కనిపించాడు. పసుపు హెల్మెట్, చేతిలో ఇనుప కొక్కెం. సోమ్లా. ఖాళీ చెయ్యి ముందుకు చాపి ఏదో అంటున్నాడు. పాటలో ఆ మాట మునిగిపోయింది.

వసంత ఫోన్ తిరిగి ఇచ్చేసి, జీపెక్కి నందిని పక్కన కూర్చుంది. తలుపు వేసుకుంది. రెండూ నలభై.

“నాకెందుకు చెప్పలే?”

“మీరు సీసా గురించే అడిగిన్రు మేడం. అందరు సీసా గురించే అడిగిన్రు.”

“సోమ్లా చెయ్యి సాపి ఏమన్నడు?”

నందిని చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వేలు తెల్లబడింది.

“‘బిడ్డా, గది నీళ్ల కాయ. బట్టీల పడితే లేస్తది. ఎయ్యకు’ అన్నడు.”

“మధుసూదన్ విన్నడా?”

“విన్నడు మేడం. ‘నువ్వెప్పుడు ఇంజనీరయ్యావ్ రా?’ అన్నడు. అందరు నవ్విన్రు.”

అదీ మాట. జీఎంను కూలదోసే మాట అదొక్కటే. ముందే హెచ్చరించినా వినకుండా వేయించాడు. దిష్టి, పూజ, పొరపాటు అని తప్పించుకోవడానికి దారి ఉండదు. కానీ అన్నవాడు చనిపోయాడు. వీడియోలో పాట తప్ప ఏమీ లేదు. ఈదయ్య తలుపు దగ్గర ఉన్నాడు, బట్టీల మోతలో అతనికి వినబడి ఉండదు. నవ్వినవాళ్లెవరూ ఇవాళ తాము అక్కడ ఉన్నామని కూడా ఒప్పుకోరు. చెప్పగలిగింది ఈ పిల్ల ఒక్కతే. చెప్పిందంటే ఆ హెచ్చరిక తనూ విన్నట్టే.

“నువ్వు?” అని అడిగింది వసంత. అడగకుండా ఉంటే బాగుండునని అప్పుడే అనిపించింది.

నందిని జీపు అద్దంలోంచి బట్టీ వైపు చూసింది.

“నేను గూడ నవ్విన మేడం. సెకండ్ ఇయర్ల గా పాఠం ఉన్నది. నీళ్లు మెటల్ కిందికి పోతే ఏమైతదో పరీక్షల రాసిన. మార్కులు గూడ మంచిగొచ్చినయి. అన్న అనంగనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినంక గూడ నవ్విన. ఇంత పెద్ద సారుకు తెల్వదా అనుకున్న. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఆయనే గద మేడం.”

పొద్దున్నుంచి వసంత నోటికొచ్చినట్టు అందరినీ తిట్టుకుంటూనే ఉంది. ఈ పిల్లను తిట్టడానికి మాత్రం మాట దొరకలేదు. పన్నెండేళ్ల ల్యాబు ఉద్యోగంలో పెద్దవాళ్లు నవ్వినప్పుడు తను ఎన్నిసార్లు కలిసి నవ్విందో లెక్కపెట్టుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

“ఇది చెప్తే నన్ను ఇడువరు గద మేడం?”

“ఇడువరు. అబద్ధమెందుకు, నేనెంత కొట్లాడినా కొన్ని రోజులైతే లోపట ఉంటవ్. సదువు ఆగిపోవచ్చు.”

“చెప్పకుంటే?”

“సీసా అని సంతకం పెట్టి రాత్రికల్లా అమ్మ దగ్గరికి పోతవ్. సర్టిఫికెట్ గూడ ఇస్తరు. సోమ్లా అన్న మాట ఎవ్వరికి తెల్వదు.”

నందిని ముఖం తుడుచుకుంది. వేలికి చుట్టుకున్న చున్నీ విప్పింది. తలుపు తెరిచి దిగింది.

బయట ఉపేందర్ జీపు బానెట్ మీద కాగితాలు పరిచి సిద్ధంగా ఉన్నాడు. మధుసూదన్ కూడా వచ్చి నాలుగడుగుల అవతల ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

“దా అమ్మా,” అని ఉపేందర్ పెన్ను అందించాడు. “గీడ ఒకటి, గాడ ఒకటి. సంతకాలు పెడితే ఖతం.”

నందిని పెన్ను తీసుకోలేదు.

“సంతకం తర్వాత పెడత సార్. ముందుగాల నేను చెప్పేది రాసుకోన్రి. సోమ్లా అన్న నన్ను ఒద్దన్నడు. జీఎం సారు విన్నడు, నేను విన్న. ఇద్దరం నవ్వినం.”

మధుసూదన్ ఫోన్‌ను చెవి దగ్గర నుంచి దించాడు. అవతలి మనిషి హలో హలో అంటూనే ఉన్నాడు.